మోటారు వేసి వచ్చి కన్న కల

దేవరకొండ దగ్గర మా ఊళ్ళో మా చిన్నాయనకు నాలుగెకరాల బత్తాయి తోట ఉంది. 2018 జనవరి 1న తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యేదాకా మా దిక్కు బోర్లకు కరెంటు విడతలుగా, చాలాసార్లు అర్ధరాత్రి దాటిన తరువాతే వచ్చేది. చిన్నాయన రెండింటికో మూడింటికో లేచి, టార్చిలైటు పట్టుకొని తోటకు పోయి, స్టార్టరు నొక్కి, పాదుల్లోకి నీళ్ళు పారుతున్నాయో లేదో చూసుకొని, అక్కడే నులక మంచంమీద మళ్ళీ ఒరిగేవాడు. పోయిన ఎండాకాలం ఊరికి వెళ్ళినప్పుడు కలల ప్రస్తావన వస్తే ఆయన ఇట్లా అన్నాడు: "మోటరేసొచ్చి పన్నంక వచ్చే కలలు వేరే ఉండె బిడ్డా. ఒకనాడు పైపుల నుంచి నీళ్ళు దుంకుతనే ఉన్నయ్, పాదు మాత్రం తడుస్తలేదు. ఇదేంది, ఇది కలనే ఉన్నట్టుందని నాకు ఎరుకైంది. ఎరుకైనా లేవలే, చూసుకుంటనే పన్న."

ఆ మాట విని నేను నవ్వానుగానీ లోపల కొంత సిగ్గుపడ్డాను కూడా. ఎందుకంటే ఆయనకు అడగకుండానే దొరికిన ఆ అనుభవం కోసం నేను ఇక్కడ అమెరికాలో ఒక యాప్‌కు నెలనెలా చందా కట్టాను. మైండ్‌ఫుల్‌నెస్ సాధన, అంటే ఈ క్షణంలో ఉన్నదాన్ని శ్రద్ధగా గమనించే ధ్యానం, ఎనిమిది వారాలు చేస్తే కలలను మన చేతిలోకి తెచ్చుకోవచ్చన్నది దాని ప్రకటన. మన సంఘం వచ్చే నెలలో పెట్టబోతున్న ధ్యాన తరగతుల కరపత్రంలోనూ దాదాపు అదే హామీ కనిపించింది కాబట్టి, ఈ విషయంలో తెలిసినంత నిజాన్ని సభ్యుల ముందు పెట్టడం అవసరమనిపించింది.

కల కంటున్నానన్న సంగతి కలలోనే తెలియడాన్ని లూసిడ్ డ్రీమింగ్ అంటున్నారు. డచ్చి వైద్యుడు, రచయిత ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లోనే ఈ మాట వాడాడుగానీ, ప్రయోగశాలలు దీన్ని చాలాకాలం నమ్మలేదు. కలలు ఎక్కువగా వచ్చే రెమ్ నిద్రలో ఒళ్ళంతా కదలిక లేకుండా ఉన్నా కనుగుడ్లు మాత్రం కదులుతాయి. దీన్ని ఆసరా చేసుకొని, 1975లో ఇంగ్లండులోని హల్ విశ్వవిద్యాలయంలో కీత్ హెర్న్, ఆ తరువాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లాబెర్జ్, నిద్రపోతున్న మనిషి ముందుగా అనుకున్న ప్రకారం కళ్ళను ఎడమకూ కుడికీ తిప్పి కలలోంచి సైగ చేయగలడని రుజువు చేశారు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు 36 మందితో చేసిన పరిశోధనలోనైతే, ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంతని నిద్రలో ఉన్న మనిషిని అడిగితే, అతడు కళ్ళను రెండుసార్లు తిప్పి జవాబిచ్చాడు. కాబట్టి ఈ అనుభవం ఉన్నదా లేదా అన్న వాదన ఇప్పుడు లేదు.

పేచీ అంతా దాన్ని ధ్యానంతో ముడిపెట్టే తీరులోనే ఉంది. జాన్ కబాట్-జిన్ 1979లో మసాచుసెట్స్‌లో మొదలుపెట్టిన ఎనిమిది వారాల శిక్షణే ఈనాటి మైండ్‌ఫుల్‌నెస్ తరగతులలో చాలావాటికి మూలం. విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2019లో ప్రచురించిన అధ్యయనంలో, ఏళ్ళ తరబడి ధ్యానం చేస్తున్నవారికి ఎరుకతో కూడిన కలలు ఇతరులకంటే ఎక్కువగా వస్తున్నాయని తేలింది. కానీ ఎనిమిది వారాల శిక్షణ కొత్తగా తీసుకున్నవారిలో అటువంటి పెరుగుదల కనిపించలేదు. మొదటి సగాన్ని చూపించి రెండో సగాన్ని దాచే ప్రకటనలమీదనే నా ఫిర్యాదు. ఏళ్ళ తరబడి కూర్చున్నవారి విషయంలో కూడా ధ్యానంవల్లనే అటువంటి కలలు వచ్చాయో, అటువంటి స్వభావం ఉన్నవారే ధ్యానంలో నిలదొక్కుకున్నారో ఆ పోలిక ఒక్కటే చెప్పలేదు.

అయినా సంబంధం ఉందనే నా నమ్మకం, దానికి చిన్నాయన కలే నాకు ఆధారం. రెమ్ నిద్ర రాత్రి రెండో సగంలో ఎక్కువసేపు ఉంటుంది కాబట్టి, ఆ వేళ కాసేపు మేలుకొని మళ్ళీ పడుకుంటే మనసు సగం తెలివితో కలలోకి జారే అవకాశం పెరుగుతుంది. ఈ మేలుకొలుపునే యాప్‌లు ఒక ఉపాయంగా అమ్ముతున్నాయి, కరెంటువాళ్ళు మా ఊరికి ఉచితంగా ఇచ్చారు. అయితే ఊరంతా లేచేది, అందరికీ ఆ కల రాలేదు. చిన్నాయన ప్రతిరాత్రీ వంగి, పాదులో మట్టి రంగు మారిందా లేదా అని చూసే మనిషి. రోజూ అంత శ్రద్ధగా చూసిన కన్నే కలలో తడవని పాదును పట్టుకుంది. మైండ్‌ఫుల్‌నెస్‌కు తెలుగులో సావధానత, సచేతనత అని రకరకాల మాటలు పుట్టిస్తున్నాంగానీ, నల్లగొండలో పాలమూరులో "నాకు ఎరుకే" అని రోజుకు పదిసార్లు అనే మాటే దానికి సరిపోతుంది.

మన సభలలో ఈ విషయం రాగానే మాండూక్యోపనిషత్తు మెలకువ, కల, గాఢనిద్ర, వాటిని దాటిన నాలుగో స్థితి అయిన జాగ్రత్, స్వప్న, సుషుప్తి, తురీయాలను ఎప్పుడో చెప్పిందని ఎవరో ఒకరు లేస్తారు. చెప్పింది నిజమే. కానీ తురీయం కలలో తెలివి రావడమని అందులో లేదు. స్వప్న, నిద్రల జ్ఞానాన్ని మనసుకు ఆలంబనగా చేసుకోవచ్చన్న పతంజలి సూత్రం కూడా కలలో గాలిలో ఎగరడానికి పద్ధతి నేర్పదు. కలలోనే ఎరుకను సాధనగా పట్టుకున్నది టిబెట్టు బౌద్ధులు. వారికీ అది ఏళ్ళ శిక్షణలో ఒక భాగం, ఎనిమిది వారాల ఫలం కాదు.

నా సంగతి చెప్పాలంటే, యాప్ చెప్పినట్టు మూడు వారాలపాటు తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకొని లేచాను. కల పట్టుబడలేదు సరికదా, ఒకనాడు మెలకువ వచ్చాక ఒళ్ళు కదలక, గుండెలమీద ఎవరో కూర్చున్నట్టయి, నోరు పెగలక భయపడ్డాను. ఇంకొకనాడు ఆఫీసుకు పోతూ రెడ్ సిగ్నల్ దగ్గర కునుకు తీసి వెనకవాళ్ళ హారన్‌తో లేచాను. రెండు దేశాల గడియారాల మధ్య రాత్రి పదింటికి, పదకొండింటికి మీటింగులలో కూర్చునే మనలో చాలామందికి నిద్ర ముందే తక్కువ. ఉన్న కాస్త నిద్రనూ తెగ్గొట్టుకొమ్మని చెప్పడం ధ్యానం పేరుతో చేసే అపచారమని నా అభిప్రాయం. చిన్నాయన కూడా కరెంటు రాత్రుల నిద్రను ఇప్పుడు పగలు తీర్చుకుంటున్నాడు.

ఇంకొక తేడాను కూడా గమనించాలి. ధ్యానంలో నేర్పేది ఉన్నదాన్ని ఉన్నట్టు చూడడం, యాప్ నేర్పేది కలను మనకిష్టమైనట్టు మలచుకోవడం. చిన్నాయన పాదులోకి నీళ్ళు పారేట్టు చేయాలని చూడలేదు, "చూసుకుంటనే పన్న" అన్నాడు.

సంఘం కార్యవర్గానికి నా మనవి ఒక్కటే. తరగతులు తప్పక పెట్టండి, నేనూ వచ్చి కూర్చుంటాను. కరపత్రంలో కలల గురించిన వాక్యాన్ని మాత్రం అచ్చుకు పోకముందే తీసేయండి. తెల్లవారుజామున నాలుగింటికి పెట్టాలనుకున్న మొదటి తరగతిని కూడా ఏడింటికి మార్చండి.