తూటా తగిలిన తరువాతి పది నిమిషాలు

యుద్ధ విమాన సిమ్యులేటర్ (కంప్యూటర్‌లో విమానం నడిపే ఆట) ఎంత నిజంగా ఉందో తేల్చాలంటే నేను మేఘాలను చూడను, నేల మీది చెట్లనూ చూడను. తూటా తగిలాక వచ్చే పది నిమిషాలు ఎలా గడుస్తాయో చూస్తాను. సరిగ్గా అక్కడే చాలా సిమ్యులేటర్లు మనకు అన్యాయం చేస్తున్నాయి. దెబ్బ తగిలితే రెక్క ఊడుతుంది, లేదా మంటలు లేస్తాయి, లేదా ఏమీ కాదు. నిజమైన యుద్ధంలో ఎన్నో విమానాల కథ ఈ మూడింటిలో దేనికీ చెందదు.

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109ని తీసుకోండి, బ్రిటిష్ స్పిట్‌ఫైర్‌ని తీసుకోండి. రెండింటి ఇంజిన్లనూ చల్లబరిచేది ద్రవమే. రేడియేటర్‌కు ఒక చిన్న రంధ్రం పడితే చాలు. విమానం మామూలుగానే ఎగురుతుంది, తుపాకులు పేలతాయి, స్టిక్ (విమానాన్ని నడిపే కర్ర) ఎటు తిప్పితే అటే తిరుగుతుంది. వెనక తెల్లటి చార మాత్రం సాగుతూ ఉంటుంది, అది పైలట్‌కు కనిపించకపోవచ్చు. ఉష్ణోగ్రత ముల్లు మెల్లగా పైకి పాకుతుంది. ద్రవం పూర్తిగా కారిపోయాక అదే ముల్లు కిందికి దిగవచ్చు కూడా, ఎందుకంటే కొలిచే పరికరం మునిగి ఉండటానికి లోపల ద్రవమే మిగలదు. గండం గడిచిందని పైలట్ ఊపిరి పీల్చుకుంటాడు. ఆ తరువాత కొద్ది నిమిషాలకే ఇంజిన్ బిగుసుకుపోతుంది. శక్తి తగ్గించి ఇంటిదారి పట్టాలా, ఎత్తు ఉండగానే పారాచూట్‌తో దూకాలా, ఎదుట దొరికిన శత్రువును వదులుకోవాలా? ఈ నిర్ణయాల కోసమే నేను సిమ్యులేటర్ ముందు కూర్చుంటాను. అటువంటి సమయంలో తెర మూలన "కూలెంట్ కారుతోంది" అని ఒక వాక్యం ప్రత్యక్షమైతే నాకు ఒళ్లు మండుతుంది. గేజ్ చూసి ప్రమాదాన్ని పసిగట్టడం పైలట్ పని. ఆ పనిని ఆట లాగేసుకోకూడదు.

దూకడం సంగతి కూడా చెప్పాలి. 1943 జూన్ 26న అమెరికన్ పైలట్ రాబర్ట్ జాన్సన్ నడిపిన పీ-47 థండర్‌బోల్ట్ చిల్లులు పడి ఛిద్రమైంది. దూకుదామంటే పైకప్పు ఇరుక్కుపోయి తెరుచుకోలేదు. గత్యంతరం లేక అదే విమానాన్ని ఇంగ్లండ్ దాకా నడిపి ప్రాణాలతో దిగాడు. మన ఆటల్లో మాత్రం దూకే మీట ఎప్పుడు నొక్కినా పనిచేస్తుంది.

ఇక ఏ-10, నేల మీది లక్ష్యాలను కొట్టే అమెరికన్ విమానం. 2003 ఏప్రిల్ 7న బాగ్దాద్ మీద పైలట్ కిమ్ క్యాంప్‌బెల్ నడిపిన ఏ-10కి నేల మీది నుంచి దెబ్బ తగిలింది. విమానాన్ని తిప్పే భాగాలను ద్రవ పీడనంతో కదిపే హైడ్రాలిక్ వ్యవస్థలు రెండూ పోయాయి. విమానం ఎడమకు ఒరిగి నేలవైపు ముక్కు దించింది, స్టిక్ లాగినా పలకలేదు. ఆమె స్విచ్ మార్చి మాన్యువల్ రివర్షన్‌లోకి వెళ్లారు. అంటే ఆ క్షణం నుంచి హైడ్రాలిక్ సాయం లేదు, తీగలూ రాడ్లూ తన చేతి బలమూ మాత్రమే ఉన్నాయి. దాదాపు గంటసేపు అలాగే నడిపి కువైట్‌లో దించారు. డీసీఎస్ అనే సిమ్యులేటర్‌లోని ఏ-10సీ కాక్‌పిట్‌లో ఎడమ పక్కన ఆ స్విచ్ ఉంది, పనిచేస్తుంది కూడా. తయారు చేసినవారికి నమస్కారం. కానీ మల్టీప్లేయర్‌లో (ఇంటర్నెట్‌లో పలువురు కలిసి ఆడేటప్పుడు) దాన్ని అవసరానికి వాడేవాళ్లు ఎంతమంది? హైడ్రాలిక్ పోగానే విమానాన్ని గాలికి వదిలేసి కొత్తది తెచ్చుకుంటారు. దెబ్బతిన్న విమానాన్ని ఇంటికి తెచ్చినవాడికి విలువ ఇవ్వని సర్వర్‌లో ఆ స్విచ్ అలంకారమే.

శత్రువు దెబ్బే తగలాలని కూడా లేదు. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో భారత వైమానిక దళ పైలట్ నచికేత నడుపుతున్న మిగ్-27 రాకెట్లు పేల్చిన తరువాత ఇంజిన్ ఆరిపోయింది. ఆయన ఎజెక్ట్ అయ్యి పాకిస్తాన్ సైనికులకు పట్టుబడ్డారు. సొంత ఆయుధం పేల్చడమే ఇంజిన్‌కు గండం కావచ్చని ఏ ఆట అయినా నేర్పాల్సిన పాఠం ఇది.

"ఆఫీసు నుంచి వచ్చి గంటసేపు ఆడుకునేవాడికి ఈ బాధ ఎందుకు?" అని అడిగేవాళ్లున్నారు. ముఖాముఖి పోటీల సర్వర్లలో ఆ వాదన నేనూ ఒప్పుకుంటాను. అయినా నేను కోరేది పాచికలు వేసినట్టు వచ్చే వైఫల్యాలు కాదు. డీసీఎస్‌లో అటువంటి యాదృచ్ఛిక వైఫల్యాల ఐచ్ఛికం ఇప్పటికే ఉంది, అది నన్ను అంతగా ఆకట్టుకోదు. ప్రతి వైఫల్యానికీ ఒక కారణం ఉండాలి. పరిమితికి మించిన వేగంలో ఫ్లాప్‌లు (రెక్కల వెనక అంచున దించే పలకలు) దించితే అవి ఇరుక్కోవాలి. అత్యవసర శక్తిని హద్దు దాటి వాడితే ఇంజిన్ దానికి మూల్యం చెల్లించాలి. 2024లో డీసీఎస్‌కు వచ్చిన హీట్‌బ్లర్ సంస్థ వారి ఎఫ్-4ఈ ఫాంటమ్ విమానం భాగాల అరుగుదలను లెక్కలోకి తీసుకుని ఈ దారిలో గట్టి అడుగే వేసింది. మిగతావాళ్లు కొత్త విమానాలూ కొత్త పటాలూ అమ్ముకోవడంలో మునిగి ఉంటే నాకు కోపం రాకుండా ఎలా ఉంటుంది?

కంప్యూటర్ నడిపే విమానాల సంగతి మరీ ఘోరం. వాటికి డీసీఎస్‌లో మనకున్న భౌతిక నియమాలే పూర్తిగా వర్తించవు. నేను ముల్లు చూసుకుంటూ శక్తి తగ్గిస్తుంటే, వెనక పొగ కక్కుతున్న శత్రువు అదే జోరుతో మలుపులు తిరుగుతుంటాడు. తరువాతి నవీకరణలో నాకు ఒక్క కొత్త విమానమూ ఇవ్వకండి. ఆ శత్రువు ఇంజిన్ కూడా వేడెక్కేలా చేయండి. వాడికీ ఇంటికి పారిపోవాలనిపించేలా చేయండి.