సీ-17 బాత్రూంలోని సబ్బు డబ్బా గారికి

మహారాజశ్రీ అమెరికా ఎయిర్ ఫోర్స్ వారి సీ-17 రవాణా విమానం బాత్రూంలో వేంచేసి ఉన్న సోప్ డిస్పెన్సర్ గారికి, వర్జీనియా నుంచి పన్ను కట్టే ఒక తెలుగువాడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. మీ కుశలం నేను ప్రత్యేకంగా అడగక్కర్లేదు, దాని ఖర్చు మాదే కదా.

మీ గురించి మొదట తెలిసింది 2024 అక్టోబర్‌లో. మీ ధర చూసి కడుపు మండిన ఎవరో పేరు చెప్పకుండా హాట్‌లైన్‌కి ఫిర్యాదు చేస్తే, పెంటగాన్ (అంటే అమెరికా రక్షణ శాఖ) సొంత తనిఖీ అధికారి, ఇన్‌స్పెక్టర్ జనరల్, లెక్క తీసి, బయట దొరికే డబ్బా కన్నా 80 రెట్లకు పైగా ఎక్కువ పెట్టి ఎయిర్ ఫోర్స్ మిమ్మల్ని కొన్నదని రాశాడు. మా సింక్ పక్కన మీ చుట్టం ఒకటుంది. నొక్కితే ఒకోసారి సబ్బు, ఒకోసారి ఉత్త గాలి వస్తుంది. పది డాలర్లకి అదే దండగని మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతూ ఉంటుంది. అలాంటిదాన్ని నేను 800 పెట్టి తెస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలో మీరే చెప్పండి. మిమ్మల్ని అమ్మిన బోయింగ్ మాత్రం, బజారు సరుకుతో పోలిస్తే ఎలా, మిలిటరీ లెక్కలు వేరు అంది. సరే, ఒప్పుకుందాం. కానీ ఎయిర్ ఫోర్స్ వాళ్లు బిల్లు సరిగ్గా చూడకుండానే డబ్బు కట్టేశారని కూడా ఆ రిపోర్ట్‌లోనే ఉంది. అత్త సొమ్ము అల్లుడు దానమంటే ఏమిటో ఇక్కడ పుట్టిన మా పిల్లలకి వివరించడం ఇన్నాళ్లూ కష్టంగా ఉండేది, మీ పుణ్యమా అని తేలికైపోయింది.

అయినా మీది పెద్ద వంశం లెండి. 1980ల్లో మిలిటరీ కొన్న 640 డాలర్ల టాయిలెట్ సీటు ఒకటి ఊరంతా నవ్వులపాలైంది, అది మీకు తాతగారి వరస అవుతుంది. అప్పుడూ ఇలాగే టీవీల్లో గోల, ఇక్కడి పార్లమెంటు కాంగ్రెస్‌లో గర్జనలు, ఆ తర్వాత బడ్జెట్ యథాప్రకారం పాస్.

నిజానికి నా కోపం మీ మీద కాదు. మీ మీద పోయిన ఎక్స్‌ట్రా మొత్తం 1,49,072 డాలర్లు. పెంటగాన్ ఏడాదికి పెట్టే ఖర్చు సుమారు 85 వేల కోట్ల డాలర్లు, అంటే మీ ఎక్స్‌ట్రా వాళ్లకి ఆరు సెకన్ల ఖర్చు కూడా కాదు. కోవిడ్ రోజుల్లో 20 సెకన్లు చేతులు కడుక్కోమని చెప్పారు గుర్తుందా? మీ దగ్గర నిలబడి ఎవరైనా అంతసేపు రుద్దుకుంటే, ఆ లోపల ఇంకో ఐదు లక్షల డాలర్లు అయిపోతాయి.

పైగా మీరు దొరికిపోయారు, అంతే. దొరకనివాళ్ల సంగతి చూడండి. పెంటగాన్ మొత్తానికి మొదటిసారి ఆడిట్ జరిగింది 2018లో. ఆ ఏడాది ఫెయిల్. 2024లో ఏడోసారి రాశారు, ఏడోసారీ ఫెయిల్. నాలుగు లక్షల కోట్ల డాలర్లకు పైగా ఆస్తులున్న ఇల్లు, ఏది ఎక్కడుందో పూర్తిగా చెప్పలేదు. 2028కల్లా పాసవుతామంటున్నారు. ఇంటర్‌లో ఏడుసార్లు తప్పినవాడికి మా ఊళ్లో పాకెట్ మనీ పెంచరు, ట్రాక్టర్ తోలమని పొలానికి పంపిస్తారు. ఇక్కడ 2025 జులై 4న ట్రంప్ సంతకం చేసిన ఒకే చట్టంలో రక్షణకి 15 వేల కోట్ల డాలర్లు అదనంగా ఇచ్చి, పేదలకి వైద్యం ఇప్పించే మెడికెయిడ్‌కీ, తిండికి సాయం చేసే ఫుడ్ స్టాంపులకీ కోత పెట్టారు. ఫుడ్ స్టాంపులు కావాలంటే, పిల్లల్లేనివాళ్లు 64 ఏళ్ల వరకూ పనిచేస్తున్నట్టు కాగితం చూపించాలట. ముసలాయన ఆ కాగితం ముక్క పోగొట్టుకుంటే కూడు పోతుంది. పెంటగాన్ పోగొట్టుకుంటే గడువు పొడిగిస్తారు.

రెండు పార్టీలూ అన్నిటికీ కొట్టుకుంటాయి, ఆ కొట్లాటలో 2025 అక్టోబర్ 1 నుంచి 43 రోజులు ప్రభుత్వాన్నే మూసేశారు, మా పక్కింటాయన ఫెడరల్ ఉద్యోగి, జీతం లేక గరాజ్ నాలుగుసార్లు సర్దాడు. కానీ రక్షణ బిల్లు దగ్గరికొచ్చేసరికి ఏటా కొందరు అరుస్తారు, చివరికి రెండు పార్టీల ఓట్లతోనే అది పాసైపోతుంది. 2012లో మాకు ఇప్పుడు ట్యాంకులు వద్దు మహాప్రభో అని ఆర్మీయే మొత్తుకుంది. కాంగ్రెస్ వినలేదు, ఒహాయోలోని లైమాలో ట్యాంకుల ఫ్యాక్టరీ ఉంది మరి. పెళ్లికొడుకు వద్దంటున్నా కట్నంతో పాటు బీరువా పంపించినట్టు. ఆ ఫ్యాక్టరీ కూలీలకి నేను అడ్డం కాదు, వాళ్లకీ పిల్లలున్నారు, అయితే దాన్ని ఉపాధి పథకం అనొచ్చు కదా, ఎవరూ అనరు.

మీ విమానం మీద నాకు గౌరవమే. 2021 ఆగస్టులో కాబూల్ నుంచి ఒకే ట్రిప్పులో 823 మందిని ఎక్కించుకుని వచ్చింది. ఆ రోజు మీ దగ్గర లైను ఎంత ఉండేదో అని మాత్రం అప్పుడప్పుడూ అనుకుంటాను.

ఇట్లు,
బిల్లు చదివే దురలవాటున్న ఒకడు

తా.క.: మన హిందన్ ఎయిర్‌బేస్‌లోనూ సీ-17లు 11 ఉన్నాయి. అక్కడి మీ తమ్ముళ్లని అడిగానని చెప్పండి. ధర మాత్రం చెప్పొద్దనండి, నేనింకా మా అన్నయ్యకి ఇక్కడి సంగతే పూర్తిగా చెప్పలేదు.