చంద్రుడికో నూలుపోగు

చక్రవర్తిగా నాకు ఇరవై ఏళ్ల అనుభవం ఉంది. క్రీస్తుపూర్వం 4000లో నది పక్కన ఒక ఊరు పెట్టి, తెల్లవారేలోగా అణుబాంబు దాకా వచ్చిన రాత్రులకు లెక్కలేదు. ఎన్ని రాజ్యాలు కూల్చానో, ఎన్ని సంధిపత్రాలు సిరా ఆరకముందే చింపేశానో నా మౌస్‌కి తెలుసు. ఆ అనుభవం ఇచ్చిన అధికారంతో ఇవాళ ఒక గంభీరమైన విషయం విన్నవించుకుంటున్నాను. మనం కడుతున్న గోడల వెడల్పు చాలడం లేదు.

నవ్వకండి. పాలన బాగుందో లేదో తేల్చడానికి ప్రజల సుఖం అనే కొలత ఒకటుందని కొందరంటారు. ఉంది. ‘సివిలైజేషన్ 5’ అనే కంప్యూటర్ ఆటలో అది తెర పైభాగాన చిన్న నవ్వు మొహం పక్కన అంకెగా కనిపిస్తుంది. ఆ అంకె ఎర్రబడేదాకా దానివైపు చూసిన చక్రవర్తిని నేనింతవరకూ ఎరగను. కట్టడం గొప్పదా కాదా అనడానికి లోకమంతా ఒప్పుకున్న పరీక్ష వేరే ఉంది: అది అంతరిక్షం నుంచి కనిపిస్తుందా? చైనా గోడ గురించి ఎవరినైనా అడగండి. ఎవరు కట్టించారు, ఎందుకు కట్టించారు, ఎంతమంది కూలీలు అందులో పోయారు అంటే తడుముకుంటారు. చంద్రుడి మీంచి కనిపిస్తుందని మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతారు.

ఈ మాటకి చాలా వయసుంది. 1754లో విలియం స్టూక్లీ అనే ఇంగ్లిష్ పండితుడు బ్రిటన్‌లోని హేడ్రియన్ గోడ గురించి ఒక ఉత్తరం రాస్తూ, దీన్ని మించింది చైనా గోడ ఒక్కటేననీ, అది చంద్రుడి నుంచి కూడా ఆనవచ్చుననీ అన్నాడు. మనిషి బెలూన్ ఎక్కి నేల విడిచింది 1783లో. అంటే, పైకి వెళ్లడమంటే కొండెక్కడమో చెట్టెక్కడమో తప్ప వేరే దారి లేని రోజుల్లో ఆ పెద్దమనిషి ఏకంగా చంద్రుడి మీద కుర్చీ వేసుకుని చూసేశాడు. ఆ ధైర్యానికి నా నమస్కారం. 1932లో రిప్లీ ‘బిలీవ్ ఇట్ ఆర్ నాట్’ కార్టూన్ ఇంకాస్త గట్టిగా చెప్పింది: చంద్రుడి నుంచి మనిషి కంటికి కనిపించే మానవ నిర్మాణం అదొక్కటేనని. నమ్మితే నమ్మండి లేకపోతే లేదు అని పేరులోనే రాసుకున్న శీర్షికని జనం నమ్మడానికే నిశ్చయించుకున్నారు.

తర్వాత మనుషులు నిజంగానే పైకి వెళ్లారు. అక్కడ చెడింది. 1969లో చంద్రుడి మీద దిగి వచ్చిన అలన్ బీన్, అక్కడి నుంచి భూమి చాలావరకు తెల్లగా, కొంత నీలంగా ఉండే అందమైన బంతి అనీ, మనుషులు చేసినదేదీ ఆనదనీ చెప్పాడు. పోనీ పరాయివాడు, గిట్టక అన్నాడనుకుందాం. 2003 అక్టోబరులో చైనా తన సొంత వ్యోమగామి యాంగ్ లివేని షెంజౌ-5లో పంపింది. ఆయన భూమిని పద్నాలుగు సార్లు చుట్టి వచ్చి, గోడ కనిపించలేదన్నాడు. దాంతో పాఠ్యపుస్తకాల్లోంచి ఆ వాక్యం తీసేయాలన్న చర్చ లేచింది. నా రాజ్యంలోనైతే ఇలాంటి వార్త మోసుకొచ్చినవాణ్ని మంచు ఎడారి అంచుకి కాపలా పంపి, ఆట అయ్యేదాకా మర్చిపోయేవాణ్ని. మరుసటి ఏడాది అమెరికా వ్యోమగామి లెరాయ్ చియావో కెమెరాతో ఫొటోలు తీశాడు. అందులో ఉన్నది గోడేనని తీసినాయనకే గట్టి నమ్మకం లేకపోయింది.

లోపం ఎక్కడుందో నేను లెక్క వేశాను. రెండు చుక్కలు మామూలు కంటికి విడివిడిగా ఆనాలంటే వాటి మధ్య ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణమైనా ఉండాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం తిరిగేది సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో. అక్కడికి ఈ కోణం 116 మీటర్లు. చంద్రుడుండేది సుమారు 3,84,000 కిలోమీటర్ల దూరంలో. అక్కడి నుంచైతే 110 కిలోమీటర్లు దాటాలి. చైనా గోడ వెడల్పు? చాలాచోట్ల ఆరేడు మీటర్లు. పొడవు 21,196 కిలోమీటర్లని 2012లో చైనా లెక్క తేల్చింది. పొడవుతో ఏం లాభం? జడ ఎంత బారుగా ఉన్నా అందులో వెంట్రుక లావెక్కదు కదా. చంద్రుడి మీంచి ఈ గోడని చూడబోవడమంటే ఐదు కిలోమీటర్ల అవతల ఉన్న ఒక్క తల వెంట్రుక కోసం వెతకడమే. చంద్రుడికో నూలుపోగు అంటారు. ఇది నూలుపోగుకీ తక్కువే.

కాబట్టి ఆటలు తయారుచేసేవారికి నా విన్నపం. ఇకమీదట గోడ వెడల్పు 110 కిలోమీటర్లు చేయండి. పొడవు తగ్గించకుండా కడితే దాని విస్తీర్ణం 23 లక్షల చదరపు కిలోమీటర్లు దాటుతుంది, అంటే చైనా మొత్తంలో దాదాపు నాలుగో వంతు. సౌకర్యాలు చూడండి. శత్రువు నిచ్చెన వేసుకుని ఎక్కాడే అనుకుందాం. అవతలి అంచు చేరడానికి నాలుగు రోజులు నడవాలి. నీడ లేదు, నీళ్లు లేవు. రెండో రోజుకే సంధి అడుగుతాడు. కాపాడాల్సిన పొలాలూ ఊళ్లూ గోడ కిందే పోతాయన్నది వేరే సంగతి. నిజానికి ఆటలవాళ్లకి ఈ రహస్యం ముందే తెలుసనిపిస్తుంది. సివిలైజేషన్ 5లో గోడ ఎవరు కట్టుకుంటే వారి దేశంలో ఎక్కడ అడుగుపెట్టినా శత్రువు కాళ్లీడ్చుకుంటూ నడుస్తాడు. సరిహద్దున ఉన్న గోడకి దేశం నడిమధ్యలో కాళ్లెందుకు పీకుతాయని చాలాకాలం ఆశ్చర్యపోయాను. ఇప్పుడర్థమైంది. వాడింకా గోడ మీదే ఉన్నాడు.

ఆటల్లో మనకి ఇంకో సదుపాయం ఉంది. మనం కూర్చునేదే అంతరిక్షంలో. సిడ్ మైయర్ 1991లో మొదటి సివిలైజేషన్ తెచ్చిన నాటి నుంచీ మన సింహాసనం నేలకి తగల్లేదు. ఆ ఎత్తు నుంచి గోడే కాదు, బల్లెం పట్టుకున్న బంటు కూడా కొండ పక్కన కొండంత కనిపిస్తాడు. మొదట్లో వాడికి ఒక టర్న్, అంటే ఆటలో ఒక వంతు, గడిచేసరికి 40 ఏళ్లు పడుతుంది గానీ, కనిపించడంలో మాత్రం లోటు లేదు. విచిత్రమేమిటంటే, అంత ఎత్తున కూర్చున్న మనకి పక్కన ఖండముందో లేదో తెలియదు. మ్యాప్ అంతా మూసుకుపోయి ఉంటుంది. ఉపగ్రహ విద్య సాధించాకే తెర తొలుగుతుంది. ఆరువేల ఏళ్లుగా అంతరిక్షంలో ఉన్నవాడు అంతరిక్షానికి వెళ్లడమెలాగో పరిశోధన చేయించుకోవాలట. దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఇక ‘ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2’ ఆటలో వండర్ అనే మహాకట్టడం కట్టి 200 ఏళ్లు కూలకుండా చూసుకుంటే ఆట మనదే. అందులో ఎవరూ ఉండరు, దానివల్ల గింజ పండదు. పైనుంచి చూసుకోవడానికి కట్టిన కట్టడం అంటే అదీ.

మరి నిజంగా పైనుంచి కనిపించేవేమిటంటే, చెప్పడానికి సాటి చక్రవర్తిగా నాకు సిగ్గుగా ఉంది. స్పెయిన్‌లో అల్మెరియా దగ్గర సుమారు 300 చదరపు కిలోమీటర్ల మేర పరిచిన ప్లాస్టిక్ పందిళ్లు కనిపిస్తాయి. తెల్లగా మెరుస్తూ, దర్జాగా. కింద టమాటాలూ క్యాప్సికమూ పెరుగుతుంటాయి. ఏ మహారాజూ శంకుస్థాపన చేయలేదు, ఏ ఆటలోనూ దాన్ని వండర్ల జాబితాలో పెట్టలేదు. అమెరికాలో ఉటా రాష్ట్రంలోని బింగమ్ కాన్యన్ రాగి గని కనిపిస్తుంది. నాలుగు కిలోమీటర్ల వెడల్పు, కిలోమీటరు పైగా లోతు. గోడ కట్టినవాడు ఆనలేదు, గొయ్యి తవ్వినవాడు ఆనాడు. ఎడారిలో పోయే తారురోడ్డు కూడా గోడకన్నా నయమే, ఇసుక రంగులో కలవదు కనుక. చుట్టూ రంగు తేడా ఉంటే సన్నటి గీత కూడా కంటికి దొరుకుతుంది. చైనా మేస్త్రీలు ఎక్కడి మట్టితో అక్కడ, ఎక్కడి రాయితో అక్కడ కట్టుకుపోయారు. ఖర్చు కలిసొచ్చింది గానీ కీర్తి నేలలో కలిసిపోయింది. ఒక్క పూత సున్నం వేయించి ఉంటే ఎలా ఉండేదో.

రాత్రయితే కథ మారుతుంది. అప్పుడు రాళ్లకి విలువ లేదు, దీపాలదే రాజ్యం. పైనుంచి చూస్తే దేశాల మధ్య గీతలుండవని వ్యోమగాములు ఎంతో ఆర్ద్రంగా చెబుతుంటారు. ఆటల్లో సరిహద్దులు రంగు గీతలుగా వెలగడం చూసి, ఇదంతా కృత్రిమమని వెక్కిరించిన స్నేహితులు నాకున్నారు. వాళ్లకి 2011లో అంతరిక్ష కేంద్రం నుంచి తీసిన ఫొటో ఒకటి చూపించాను. భారత్, పాకిస్థాన్‌ల మధ్య నారింజ రంగు గీత మెలికలు తిరుగుతూ పోతుంది, అచ్చం నా మ్యాప్‌లో లాగే. కంచె పొడవునా పెట్టిన ఫ్లడ్‌లైట్లు అవి. కంచె మాత్రం కనిపించదు.

ఇది రాస్తుండగా రాత్రి మూడయింది. పక్కన ఆట నడుస్తూనే ఉంది, గోడకి ఇంకా రెండు టర్న్‌ల పని మిగిలింది. ‘ఇంకొక్క టర్న్’ అని పన్నెండింటి నుంచీ అంటున్నాను. అమ్మ లేచి వచ్చి గుమ్మంలో నిలబడింది.

“ఆ లైటార్పి పడుకోరా.”

“ఉంచమ్మా. అంతరిక్ష కేంద్రం గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. ఈ మొత్తం సామ్రాజ్యంలో పైకి కనిపించేది ఇదొక్కటే.”

అమ్మ ఆర్పేసింది. తెర వెలుగులో గోడ చివరి ముక్క పూర్తి చేశాను.