సీరమ్ ఒక్కటే రాసి వదిలేస్తే సరిపోదు
కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి మొహానికి తేమ పట్టించే హయలురోనిక్ యాసిడ్ సీరమ్ ఒక్కటి రాసుకుంటే చాలు, పైన మాయిశ్చరైజర్ క్రీము అక్కర్లేదని ఈమధ్య ఒకరు రాశారు. వేసవిలో మా అమలాపురంలో అది నిజమే కావచ్చు, మొహం ఎప్పుడూ జిడ్డోడుతూనే ఉంటుంది. కానీ పొద్దస్తమానం ఏసీ గదిలో కూర్చునే నాలాంటి వాళ్ల సంగతేంటి? బయట కొబ్బరితోటల్లో ఎంత ఉక్కపోసినా, ఏసీ వేసిన గదిలో గాలి పొడిబారిపోతుంది. నేనూ మొదట్లో పొడి మొహం మీదే సీరమ్ రాసి వదిలేసేదాన్ని. మధ్యాహ్నం క్యారేజీ విప్పే వేళకి బుగ్గలు బిగుసుకుపోయి, ముక్కు పక్కన తెల్లగా పొట్టు లేచేది. సీరమ్ నకిలీదేమోనని షాపువాణ్ణి తిట్టుకున్నాను కూడా, పాపం. తప్పు నాదే. హయలురోనిక్ యాసిడ్ అయినా గ్లిజరిన్ అయినా నీటిని పట్టి ఉంచుతాయంతే, ఆ నీరు ఆవిరైపోకుండా పైన మూత వేయాల్సింది క్రీమే. ఇప్పుడు మొహం కడుక్కుని తడి పూర్తిగా ఆరకముందే రెండు చుక్కల సీరమ్, వెంటనే దాని మీద సెరమైడ్లున్న (చర్మంలో తేమ పోకుండా ఆపే కొవ్వు పదార్థాలు) పల్చటి క్రీము. వారం తిరిగేసరికి పొట్టు పోయింది. ధనుర్మాసంలో కాళ్ల మీద గోరుతో గీస్తే తెల్లటి చారలు పడతాయి చూడండి, వాటికి సీరమ్ శుద్ధ దండగ. మా మామ్మ చెప్పినట్టు స్నానం చేసిన తడి మీదే కొబ్బరినూనె రాస్తాను. మొహానికి మాత్రం ఆ నూనె నాకు పడలేదు, నుదురంతా మొటిమలే.