ప్రాస దొరికితే విషయం దొరికినట్టేనా?

ర్యాప్ కొత్తగా రాసేవాళ్ళ మధ్య ఒక సలహా తెగ తిరుగుతోంది. సారాంశం ఇదీ: బీట్ పెట్టు, ప్రాసలు పట్టు, ఐడియా దానంతటదే వస్తుంది. పెద్ద ర్యాపర్లు కాగితం ముట్టరు. కష్టాలు చూసినవాడికే చెప్పడానికి ఏదైనా ఉంటుంది. అయినా లిరిక్స్ ఎవరు వింటారు, బీట్ అదిరితే చాలు.

మొదటి మాటే అసలైన చిక్కు. ప్రాస విషయాన్ని తెస్తుందని తెలుగులో నమ్మితే మరీ కష్టం. మన వాక్యం ఎక్కువగా క్రియతో ముగుస్తుంది. అందుకే వస్తున్నా, చూస్తున్నా, రాస్తున్నా, మోస్తున్నా అంటూ ఎంతసేపైనా లాగొచ్చు, అంత్యప్రాస ఊరికే పడుతుంది. 16 బార్లు (బార్ అంటే నాలుగు దెబ్బల లైను) నిండిపోతాయి. కానీ వస్తున్నది ఎవరు, ఎవరి మీదికి, ఎందుకు? రాసినవాడికే తెలీదు. ఊరికే వచ్చిన ప్రాస ఊరికే పోతుంది.

"నమ్మకద్రోహం మీద రాస్తా" అన్నా ఐడియా వచ్చినట్టు కాదు, అది శీర్షిక మాత్రమే. మాట్లాడేది ఎవరు? ఎవరితో? ఏ నిమిషంలో? ఇవి తేలాలి. మోసపోయినవాడి ఏడుపు చాలామంది రాశారు కాబట్టి మోసం చేసినవాడితో మాట్లాడిద్దాం. స్నేహితుడి దగ్గర అప్పు చేశాడు, ఇప్పుడు ఆ స్నేహితుడే ఫోన్ చేస్తున్నాడు.

నీ పేరు చూడగానే ఫోను బోర్లా పెట్టా
నువ్విచ్చిన అప్పుతోనే రీచార్జ్ కొట్టా

ఇక్కడా ప్రాస ఉంది. కాకపోతే రీచార్జ్ అనే మాట ప్రాస కోసం వెతికితే దొరికింది కాదు, అప్పటికే సీన్‌లో ఫోన్ ఉంది కాబట్టి తట్టింది. తర్వాతి బార్లకు ప్రశ్నలు కూడా అక్కడే పుడతాయి. ఫోన్ ఆగాక తనకు తాను ఏ సాకు చెప్పుకుంటాడు? ఇద్దరికీ తెలిసిన మనిషి ఎదురైతే ఏమంటాడు? రెండో వర్స్‌లో (చరణంలో) అదే రింగు అవతలివైపు నుంచి, అప్పిచ్చినవాడి చెవిలో వినిపిస్తే? అతను డబ్బు కోసం చేయడం లేదేమో కూడా! ఇంతవరకూ వచ్చాక ఇక సరుకు చాలదన్న టెన్షన్ ఉండదు, ఏది తీసేయాలన్నదే తలనొప్పి.

ఆ సలహాలో కొంత నిజం లేకపోలేదు. బీట్ మీద అర్థం లేని శబ్దాలు గొణుక్కుంటూ ఫ్లో (మాటల నడక) పట్టుకోవడం చాలామంది వాడే మంచి పద్ధతే. అనుకోని ప్రాస ఒక్కోసారి కొత్త ఆలోచన కూడా ఇస్తుంది. కానీ అది పనికొస్తుందో లేదో తేల్చడానికి చేతిలో ఒక విషయమంటూ ఉండాలిగా.

కాగితం సంగతి. అమెరికన్ ర్యాపర్ జే-జీ లైన్లు తలలోనే కట్టుకుంటాడన్నది నిజమే. అయితే కాగితం మీద రాయకపోవడం వేరు, ఆలోచించకపోవడం వేరు. పైగా ఆయన కూడా కుర్రతనంలో నోట్‌బుక్ నింపినవాడే. మరో అమెరికన్ ర్యాపర్ ఎమినెమ్‌ది పూర్తిగా ఎదురు దారి. 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో, పిచ్చిగీతల్లా రాసుకున్న కాగితాలతో నిండిన పెట్టెను ఆయనే చూపించాడు. అంత జ్ఞాపకశక్తి లేని మనలాంటివాళ్ళం ఫోన్ నోట్స్‌లోనైనా రాసుకోవడమే మేలు.

కష్టాలు పడ్డవాడే రాయాలంటే, 1996లో నాస్ అనే అమెరికన్ ర్యాపర్ ఒక పాట మొత్తం తుపాకీ గొంతుతో చెప్పాడు. ఆయన తుపాకీగా పుట్టలేదు కదా! అనుభవం ఉంటే బలమే, కాదనను. కానీ నిజంగా బాధపడినవాళ్ళు కూడా "కిందనుంచి పైకొచ్చా" అని ముక్తసరిగా తేల్చేస్తే, ఆ లైను ఎవరి జీవితమైనా కావచ్చు. ఆ రోజు ఏం జరిగిందో చెబితేనే అది వాళ్ళదవుతుంది.

ఇక లిరిక్స్ ఎవరూ వినరన్న మాట. నిమిషానికి 90 బీట్ల (దెబ్బల) వేగంలో 16 బార్లంటే దాదాపు 43 సెకన్లు. అంతసేపు పాటలో ముందు నిలబడేది గొంతే. మొదటిసారి బీట్ కోసమే విన్నారనుకుందాం. రెండోసారి విన్నప్పుడు చెవి మాటల మీదికి పోతుంది, అప్పుడు అక్కడ వస్తున్నా, చూస్తున్నా తప్ప ఏమీ లేకపోతే మూడోసారి వినరు.