వంద మీద కూర్చున్న బ్రైట్‌నెస్ గారికి

అయ్యా బ్రైట్‌నెస్ గారూ,

ఆయ్, తమరి క్షేమం అడగక్కర్లేదండి. రాజమండ్రి నుంచి అంతర్వేది దాకా ఏ స్టూడియోలో చూసినా వంద మీద దర్జాగానే ఉంటారు. మానిటర్ డబ్బా విప్పిన రోజు ఎక్కడ కూర్చున్నారో ఈ రోజుకీ అక్కడే. షోరూములో పక్క మానిటర్‌ని ఓడించడానికి పెట్టిన వెలుగండి అది, చదరపు మీటరుకి 250, 300 క్యాండెలాలు. ఫొటో దిద్దే గదికి 80 నుంచి 120 చాలు.

మేం ఆల్బమ్ షీట్లం, మాకు సొంత వెలుగెక్కడిదండి? పైన పడ్డదాంట్లో కొంత తిప్పి పంపడమే మా పని. పెళ్లికూతురి ముఖం తమరి దయవల్ల తెర మీద వెలిగిపోతుంది. “అబ్బే, ఎక్కువైంది” అని ఎడిటింగ్ కుర్రోడు వెలుగు దిద్దే కర్వ్ కిందకి లాగుతాడు. పెళ్లికొడుకు నల్లకోటు మడతలన్నీ కనపడుతున్నాయి కదా అని నీడల జోలికి పోడు. ప్రింట్ వచ్చేసరికి అమ్మాయి రెండు షేడ్లు తగ్గింది, కోటు తారుముద్ద, వెనక కొబ్బరితోటలో అమావాస్య. “కెమికల్ మార్చలేదురా వీడు” అని తిట్లు ల్యాబుకి. తమరి మీద ఈగ కూడా వాలదు. ఆ కోపంతో తరవాతి పెళ్లికి అన్ని ఫొటోలూ అందాజుగా లేపి పంపుతారు. ఈసారి జరీ అంచూ, తలంబ్రాల బియ్యమూ తెల్లగా బర్న్.

తమరి చుట్టాలు ఇంకోరకం. వివిడ్ మోడ్ లేని రంగు పూస్తుంది. డైనమిక్ కాంట్రాస్ట్ ఫొటో ఫొటోకీ వెలుగు మార్చేస్తుంది. నైట్ లైట్ మరీ ఘనుడండి. పొద్దుగూకేసరికి తెరకి పసుపు పులుముతాడు. ముందున్నదా మంగళస్నానాల ఫొటో! అమ్మాయి బుగ్గ పసుపేదో, నైట్ లైట్ పసుపేదో తెలీక కుర్రోడు నీలం కలుపుతాడు. పొద్దున్నకి పెళ్లికూతురు గోదాట్లో నానినట్టు తేలుతుంది.

అందుకని తమరికి బదిలీ అండి. మానిటర్ వేసి అరగంట కాగనివ్వాలి. చుట్టాలందరినీ ఆపి, కిటికీ ఎండ తెర మీద పడకుండా పరదా వేసి, తెర వెలుగూ రంగూ కొలిచే కలరీమీటర్‌ని తెరకి వేలాడదీయాలి. తెలుపు 6500 కెల్విన్, నడిమి షేడ్ల మెట్టు చెప్పే గామా 2.2, వెలుగు 100 క్యాండెలాలు. ఆ క్యాండెలాల అంకె 100కి దిగేదాకా తమరిని దింపుతూ పోతే మానిటర్‌ని బట్టి ముప్పై దగ్గరో, ఇంకా కిందో ఆగుతారు. తరవాత ఆ పరికరమే రంగుల ముక్కలు చూసుకుని, ఆ తెర రంగులు ఎలా చూపిస్తుందో చెప్పే ప్రొఫైల్ రాసుకుంటుంది. నెలకోసారి మళ్లీ. పరికరం లేనివాళ్లు అదే ల్యాబులో బాగా వచ్చిన ప్రింటొకటి మంచి వెలుగులో పెట్టి, దాని ఫైలు తెర మీద తెరిచి, రెండూ ఒక్కలా అనిపించేదాకా తమరిని దించొచ్చు. రంగు తేడా దీంతో పోదు గానీ, “డార్క్ వచ్చింది” అన్న గోల చాలావరకు తగ్గుతుంది.

ఆ ప్రొఫైల్ మానిటర్‌ది. దాన్ని ఫైలుకి తగిలించి ల్యాబుకి పంపే మహానుభావులున్నారు, వాళ్లకో దండం. ల్యాబు వేరే చెప్పకపోతే ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల కొలతలోనే వెళ్లాలి. వరిచేల పచ్చదనం బాగా పట్టుకుంటుందని కెమెరాలో ఇంకా ఎక్కువ రంగులు పట్టే అడోబ్ ఆర్‌జీబీ పెడతారు, మంచిదే. కానీ ప్రొఫైల్ చూడని మెషిన్ దాన్ని ఎస్‌ఆర్‌జీబీ అనుకుని అచ్చేస్తే పచ్చటి చేను కోతకొచ్చేస్తుంది. పంపేముందు కన్వర్ట్ టు ప్రొఫైల్ కొట్టాలి. అసైన్ కొడితే ఫైల్లో రంగుల అంకెలు అలాగే ఉండి, రంగు మారిపోతుంది.

ల్యాబు తన కాగితం ప్రొఫైల్ ఇస్తే, ఫొటోషాప్‌లో ప్రూఫ్ సెటప్‌లో దాన్ని ఎంచుకుని కంట్రోల్ వై నొక్కితే మా మీద ఎలా పడుతుందో ముందే తెలుస్తుంది. ఎర్ర పట్టుచీరలో మడతలు కలిసిపోతుంటే అక్కడే సాచురేషన్ తగ్గించుకోవచ్చు. కాగితం తెలుపు కూడా చూపించమని టిక్కు పెడితే ఫొటో ఒక్కసారిగా చప్పబడుతుంది. కంగారు పడి టిక్కు తీసేయకూడదండి. మా అసలు మొహం అదే.

ఇట్లు,
తమరి చలవతో మూడోసారి అచ్చయిన 12×36 షీటు

తా.క.: పెళ్లివారి ఫోన్లలో తమరి తమ్ముళ్లున్నారు. వాళ్లని దించడం ఎవరి తరమూ కాదు. ఆల్బమ్ చూపించేటప్పుడు ఫోను జేబులో పెట్టించి, మమ్మల్ని కిటికీ దగ్గరకి తీసుకెళ్లమని స్టూడియోవారికి చెప్పగలరు.