సవరణ: ‘బస్’కు ఫుల్‌ఫారం లేదు

హన్మకొండ బస్టాండ్ మీద పెట్టిన పోస్టులో, బస్ అంటే మూడు ఇంగ్లిష్ మాటల పొడి అక్షరాలని పడింది. ఆ వాక్యం తీసేశాం.

బస్ అనేది ‘ఆమ్నిబస్’ తోక. లాటిన్‌లో ఆ మాటకు ‘అందరి కోసం’ అని అర్థం. అందులో ‘బస్’ ఒట్టి ప్రత్యయమే, మన ‘కొరకు’ లాంటిది. అసలు మాట పోయి ప్రత్యయం మిగలడం విచిత్రమే! 1820లలో ఫ్రాన్స్‌లోని నాంత్‌లో గుర్రపు బండ్లకు ఆ పేరు పడింది, 1829లో లండన్ చేరింది. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో సర్వీసు మొదలయ్యే నాటికి పొట్టి పేరే ఖాయం.

చెల్పూరు థర్మల్ ప్లాంటు వాళ్లనడిగితే ‘బస్‌బార్’ అంటారు. అదీ ఈ మాటే: కరెంటు లైన్లన్నిటికీ ఉమ్మడి కడ్డీ. కంప్యూటర్‌లో భాగాల మధ్య సమాచారం మోసే ఉమ్మడి దారిని బస్ అనడం కూడా ఆ కోవదే.

ఆమ్నిబస్ పేరు నాంత్‌లోని ఆమ్నెస్ అనే టోపీల వ్యాపారి దుకాణం బోర్డు నుంచి వచ్చిందనే కథ చేర్చలేదు, దానికి గట్టి ఆధారం లేదు.